చెప్పడంలో వినేవాడి చోటు

తెలుగులో ‘చెప్పు’ అనే క్రియ మోయని బరువు లేదు. కథ చెబుతాము, పాఠం చెబుతాము, జోస్యం చెబుతాము, హోటల్లో కూర్చుని రెండు టీలు చెబుతాము, బంధువులకు పెళ్ళికి చెబుతాము, తెలిసిన అధికారి ఎవరైనా ఉంటే మావాడి సంగతి కాస్త చెప్పమని బతిమాలుతాము. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు గారు గజ్జెకట్టి, పాడి, ఆడి, అభినయించినా జనం దాన్ని హరికథ ‘చెప్పడం’ అనే అన్నారు. ఇంగ్లీషులో ఈ పనులన్నిటికీ ‘టెల్’ను నిలబెట్టడం కుదరదు. పాఠానికి ‘టీచ్’ కావాలి, టీకి ‘ఆర్డర్’ కావాలి, పెళ్ళికి ‘ఇన్వైట్’ కావాలి. ఇది మనవాళ్ళకు పెద్ద కష్టం కాదు, నాలుగుసార్లు వింటే పట్టుబడుతుంది. విజయనగరం నుంచి ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్ళే ముందు మా ఇంటికి వచ్చి ఇంగ్లీషు వాక్యాలు సరిచూపించుకునే పిల్లల మాటలు గమనించాక నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, వాళ్ళను తికమక పెట్టేది చెప్పే మాట కాదు, ఆ మాట వినే మనిషి. వాక్యంలో అతడిని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక తడబడుతున్నారు.

మనం ‘నాకు చెప్పాడు’ అంటాము, ‘నాతో అన్నాడు’ అంటాము. రెండుచోట్లా వినేవాడికి ఒక విభక్తి తగులుతుంది. ఇంగ్లీషులో ‘టెల్’ పక్కన వినేవాడు ఏ ఆసరా లేకుండా నేరుగా కూర్చుంటాడు కనుక ‘హి టోల్డ్ మి’ అనాలి. ‘సే’ పక్కన అతడు ‘టు’ లేనిదే రాలేడు కనుక ‘హి సెడ్ టు మి’ అనాలి. మన ‘కు’ను వెంట తీసుకువెళ్ళిన వాళ్ళు ‘హి టోల్డ్ టు మి’ అంటారు, ఆ ‘టు’ను తీసేయమని ఎవరో హెచ్చరించగానే దాన్ని రెండుచోట్లా తీసేసి ‘హి సెడ్ మి’ అంటారు. మరో తేడా ఇంకా ముఖ్యమైనది. ‘సే’కు వినేవాడు లేకపోయినా వాక్యం నిండుతుంది, ‘హి సెడ్ దట్ ద బస్ వజ్ లేట్’ అంటే చాలు. ‘టెల్’ అలా ఊరుకోదు, ఎవరికి చెప్పాడో కూడా అడుగుతుంది. అందుకే ‘హి టోల్డ్ దట్ ద బస్ వజ్ లేట్’ అనే వాక్యం, మన జిల్లాల ఉత్తరాలలో ఎంత తరచుగా కనిపించినా, ఇంగ్లీషు చెవికి కుంటుతూనే ఉంటుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారు తన ఉత్సవానికి కావలసిన సిరిమాను చెట్టు ఎక్కడ ఉందో పూజారికి కలలో చెబుతుందన్న మన నమ్మకాన్ని ఇంగ్లీషులో పెట్టాలంటే ‘ద గాడెస్ టెల్స్ ద ప్రీస్ట్ ఇన్ ఎ డ్రీమ్ వేర్ ద ట్రీ ఈజ్’ అనాలి. చెప్పేది ఎవరు, వినేది ఎవరు, విషయం ఏమిటి అన్న మూడూ ఆ వరుసలో అమరుతాయి.

‘టెల్’ వినేవాడిని వదిలేసే సందర్భాలు కొన్ని ఉన్నాయి. నిజం, అబద్ధం, కథ, వేళ, తేడా, ఇవి ముందుంటే వినేవాడు లేకపోయినా ఫరవాలేదు. పాత ఇంగ్లీషులో ఈ క్రియకు లెక్కపెట్టడం అనే అర్థం ఉండేది. బ్యాంకులో డబ్బు లెక్కించి ఇచ్చే ఉద్యోగిని ‘టెల్లర్’ అనడం, బ్రిటిష్ పార్లమెంటులో ఓట్లు లెక్కించే సభ్యులను కూడా ఆ పేరుతోనే పిలవడం దాని ఆనవాళ్ళే.

‘స్పీక్’, ‘టాక్’ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. భాష పేరు వస్తే ‘స్పీక్’ వాడాలి, ఇద్దరి మధ్య ముచ్చట సాగితే ‘టాక్’ చాలు. అసలు చిక్కు వాటికి చుట్టాలైన ఇతర క్రియలతో వస్తుంది. ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘సజెస్ట్’, ‘మెన్షన్’ మూడూ ‘సే’ పక్షం కనుక వాటి పక్కన ‘టు మి’ అనాలి. ‘ఎక్స్‌ప్లెయిన్ మి’, ‘సజెస్ట్ మి’ అనడం మనవాళ్ళలో ఎంత పాతుకుపోయిందంటే, ఇప్పుడు ఎవరైనా సరిగా అంటేనే వింతగా వినిపిస్తోంది. ‘ఇన్‌ఫామ్’, ‘రిమైండ్’, ‘వార్న్’ మాత్రం ‘టెల్’ పక్షం, వాటికి ‘టు’ అక్కరలేదు. ‘మేనేజరుకు తెలియజేశాను’ అనేదాన్ని ‘ఇన్‌ఫామ్డ్ టు ద మేనేజర్’ అని రాయడం మన ‘కు’ చేసే పనే. ‘డిస్కస్’ పక్కన అక్కరలేని ‘అబౌట్’ పెట్టడానికి కారణం కూడా మన ‘గురించి’ తప్ప మరొకటి కాదు. ఈ క్రియలను పట్టికలుగా బట్టీపట్టించే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల భాష నేర్చుకునేనాటికి ఆ భాషకు పాఠ్యపుస్తకాలు లేవు, సవరల నోట విని నేర్చుకుని తరువాత ఆయనే వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. క్రియను విడిగా కాక, వినేవాడితో సహా మొత్తం వాక్యంగా విన్నవాడికి ‘టు’ ఎక్కడ ఉండాలో వేరే చెప్పనక్కరలేదు.

ఒకరి మాటను మరొకరికి అందించేటప్పుడు వచ్చే ఇబ్బంది ఇంతకంటే లోతైనది. పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయన గురించి ‘రేపు సరుకు బేగి పంపిస్తానన్నాడు’ అని మనం అంటే, పంపించేది ఆ వ్యాపారే అని తెలుగువాడు ఎవడైనా గ్రహిస్తాడు. నిజానికి ‘పంపిస్తాను’ అన్న క్రియలో ఉన్నది ‘నేను’. ‘అని’ అనే చిన్న మాట ఆ ‘నేను’ను ఆయనదిగానే ఉంచి మనకు అందిస్తుంది. ఇంగ్లీషులో ‘దట్’కు ఆ శక్తి లేదు. ‘హి టోల్డ్ మి దట్ ఐ విల్ సెండ్ ద స్టాక్ టుమారో’ అని సందేశం పంపితే, అవతలి ఊరి వ్యాపారి సరుకు పంపవలసినది సందేశం రాసిన మనిషేనని అర్థం చేసుకుంటాడు. ‘హి టోల్డ్ మి దట్ హి వుడ్ సెండ్ ఇట్’ అనాలి. బడిలో ‘విల్’ను ‘వుడ్’గా మార్చడం మీద పెట్టే శ్రద్ధలో సగం ఈ ‘ఐ’, ‘హి’ల మార్పు మీద పెడితే బాగుండేదని నా అభిప్రాయం, ఎందుకంటే కాలం తప్పినా మాట అర్థమవుతుంది కాని, మనిషి తప్పితే బాధ్యతే చేతులు మారిపోతుంది.

మర్యాద సంగతి కూడా ఇక్కడే వస్తుంది. పెద్దాయనను పిలిచి వచ్చిన కుర్రవాడు ‘సార్‌ని రమ్మని చెప్పానండి’ అంటే మనకు తప్పు తోచదు, ‘గారు’, ‘అండి’ వంటివి గౌరవాన్ని చూసుకుంటాయి. అదే కుర్రవాడు ‘ఐ టోల్డ్ సర్ టు కమ్’ అంటే ఆయనకు ఆజ్ఞ జారీచేసినట్లు ఉంటుంది. ‘టెల్’ తరువాత ‘టు’తో మరో క్రియ వచ్చిందంటే చెప్పేవాడిది పైచేయి. పెద్దల విషయంలో ‘ఐ ఆస్క్‌డ్ సర్ టు కమ్’ అనాలి. మనం క్రియ చివరన చూపించే వినయాన్ని ఇంగ్లీషు క్రియను ఎంచుకోవడంలోనే చూపిస్తుంది.

ఎవరు చెప్పారో బయటపెట్టడం ఇష్టం లేనప్పుడు మనకు ‘అట’ ఉంది, శ్రీకాకుళం వైపు నోళ్ళలో అది ‘అంట’ అవుతుంది. ‘ఇవాళ కౌంటర్ తెరవరంట’ అంటే చాలు, ఆ కబురు ఎవరిదో ఎవరూ అడగరు. అలాంటి చోట ఇంగ్లీషులో చెప్పినవాడిని దాచేసి విన్నవాడిని ముందుకు తెచ్చి ‘ఐ వజ్ టోల్డ్ దట్ ద కౌంటర్ వజ్ క్లోజ్‌డ్’ అంటారు. ‘ఐ వజ్ సెడ్’ అనడం కుదరదు, ‘సే’ విన్నవాడిని ఎన్నడూ నేరుగా పక్కన పెట్టుకోలేదు కనుక అతడిని ముందుకు తేవడమూ దానికి చేతకాదు. ఊరంతా అనుకునే మాటకు మాత్రం ‘ఇట్ ఈజ్ సెడ్ దట్’ సరిపోతుంది, అక్కడ విన్నవాడు ఎవరో ఎవరికీ అక్కరలేదు.