కుక్క లేచి తిరుగుతోందంటే జబ్బు తగ్గినట్టు కాదు

పాలమూరు, నల్లగొండ వైపు కుక్కలు పెంచేవాళ్ళను ఎక్కువగా భయపెట్టేవి రెండు: గోమార్ల (పిడుదుల) జ్వరం, బండి గుద్ది కాలు విరగడం. రెండింటికీ వైద్యం ఉంది. డాక్టరు చేసే పని చాలావరకు మొదటి నాలుగైదు రోజుల్లోనే అయిపోతుంది. తర్వాతి నెలో రెండు నెలలో ఇంట్లోవాళ్ళ చేతిలో ఉంటుంది. చెడేది కూడా అక్కడే.

గోమారి కుట్టిన ఒకటి నుంచి మూడు వారాలకు జ్వరం బయటపడుతుంది. కుక్క గిన్నె దగ్గరికి వచ్చి వాసన చూసి వెనక్కి పోతుంది, మూల వెతుక్కొని పడుకుంటుంది. ముక్కు ఎండిందా తడిగా ఉందా అన్నది లెక్కలోకి రాదు. చెవులు ముట్టుకొని జ్వరం చెప్పడం మే నెల ఎండల్లో అసలే కుదరదు. డిజిటల్ థర్మామీటరు కొనకు కొబ్బరినూనె రాసి, మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టి చూడాలి. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ కుక్కకు మామూలే, 103.5 దాటితే జ్వరం. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే, తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. చిగుళ్ళు పాలిపోయినా, పొట్ట కింద ఎర్రటి చుక్కలు కనిపించినా, ముక్కులోంచి నెత్తురు కారినా, మూత్రం డికాషన్ రంగులో వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

అందరం ఒకే పేరుతో పిలుస్తాం కానీ ఇవి కనీసం రెండు జబ్బులు. ఎర్లిఖియా అనే క్రిమి తెల్ల రక్తకణాల్లో చేరుతుంది, దాంతో నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. బెబీసియా అనే ఇంకో క్రిమి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. రెండూ ఒకేసారి ఉన్న కుక్కలూ ఉంటాయి. మందులు వేరు కాబట్టి నెత్తురు పరీక్ష ముందు కావాలి. చెవి కొన నుంచి తీసిన చుక్కతో స్లైడు చేయిస్తే బెబీసియా దొరికే అవకాశం ఎక్కువ. స్లైడులో కనబడలేదంటే లేదని మాత్రం కాదు. బెబీసియాలో పెద్ద రకానికి ఇమిడోకార్బ్ సూది 14 రోజుల తేడాతో రెండుసార్లు వేస్తారు. రెండో సూది తేదీ గోడ మీది క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. గిబ్సొనై అనే చిన్న రకం ఆ సూదికి సరిగా లొంగదు, దానికి వేరే మందుల జత కావాలి.

ఎర్లిఖియాకు డాక్సీసైక్లిన్. కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు. 20 కిలోల కుక్కకు పొద్దున ఒక 100 మిల్లీగ్రాముల గోలీ, రాత్రి ఒకటి. రెండు మూడు రోజులకే జ్వరం దిగుతుంది, వారం తిరిగేసరికి గేటు దగ్గర మొరుగుతుంది. "మంచిగైంది కదా" అని గోలీల షీటు అల్మారాలోకి పోయేది అప్పుడే. కానీ క్రిమి ఇంకా ప్లీహంలో దాగి ఉంటుంది. కొన్ని నెలలకు తిరగబడి ఎముక మజ్జను దెబ్బతీస్తే, ఇక కొత్త రక్తకణాలు తయారుకావు. ఆ దశలో అదే మందు పెద్దగా పనిచేయదు. ఇది చాలా బాధ కలిగించే సంగతి, ఎందుకంటే దీన్ని ఆపడం పూర్తిగా మన చేతిలో ఉంది.

గోలీని పెరుగన్నంలోనో పాలలోనో కలపడం మన అలవాటు. వాటిలోని కాల్షియం మందును ఒంటికి పట్టనివ్వదు. ఖాళీ కడుపున వేస్తే వాంతి. ఉడికించిన గుడ్డు ముక్కలోనో ఎముక లేని కోడి ముక్కలోనో పెట్టి, తిండి సగం తిన్నాక ఇవ్వండి. పిల్లికి ఇదే మందు రాస్తే గోలీ వెనకే సిరంజితో 5 మిల్లీలీటర్ల నీళ్ళు పట్టాలి, లేకపోతే గొంతులో ఇరుక్కొని పుండు చేస్తుంది. బొప్పాయి ఆకు రసం ఈ మందుకు బదులు కాదు. కోర్సు అయ్యాక ప్లేట్‌లెట్లు లెక్కించండి. యాంటీబాడీ కిట్టుతో మళ్ళీ చూడొద్దు, జబ్బు తగ్గినా అది నెలల తరబడి పాజిటివే చూపిస్తుంది.

కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేస్తే మళ్ళీ మొదటికే. నెత్తురు తాగి ఉబ్బిన ఆడ గోమారి కిందికి దిగి షాబాద్ బండల సందుల్లో, గోడ పగుళ్ళలో, దర్వాజ చౌకట్ల వెనక వేల గుడ్లు పెడుతుంది. ముందు ఆ సందులు సిమెంటుతో పూడ్చండి. గోమార్లను చంపే మందు గుడ్ల మీద అంతగా పనిచేయదు కాబట్టి రెండు వారాలకోసారి రెండు నెలలు కొట్టాలి. పశువుల కొట్టంలో వాడే సైపర్‌మెత్రిన్ లాంటివి పిల్లిని చంపగలవు, పిల్లి ఉన్న ఇంట్లో వాటి జోలికి పోవద్దు.

ఇక విరిగిన కాలు. 65వ నంబరు రహదారి మీద నకిరేకల్, సూర్యాపేట, 44 మీద జడ్చర్ల, కొత్తకోట దగ్గర ఇది తరచూ చూసేదే. ప్లైవుడ్ చెక్క మీద పడుకోబెట్టి తీసుకుపోండి, కాలు పట్టుకొని లాగొద్దు. ఎంత మన కుక్కైనా నొప్పిలో కరుస్తుంది కాబట్టి గుడ్డతో మూతి కట్టండి. వాంతి అవుతున్నా, ఊపిరి కష్టంగా ఉన్నా మాత్రం కట్టొద్దు. మనుషుల నొప్పి గోలీలు వద్దే వద్దు: డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలు పాడుచేస్తాయి, పారాసెటమాల్ పిల్లికి ప్రాణాంతకం.

దవాఖానలో కాలు చూడకుండా సెలైన్ పెడుతున్నారని కోపం వద్దు. ఛాతీలో గాలి చేరడం, లోపల నెత్తురు కారడం ముందు తేలాలి, ఎముక రెండు రోజులు ఆగగలదు. 12 గంటలు గడిచినా మూత్రం పోయకపోతే వెంటనే చెప్పండి, మూత్రాశయం పగిలి ఉండొచ్చు. ఎముకకు ప్లేటు వేయాల్సి వస్తే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ దవాఖానకు రాసివ్వమని అడగండి. వెదురుబద్దల నాటు కట్టు బిగిస్తే నెత్తురు ఆడక పాదం కుళ్ళుతుంది, మిగలాల్సిన కాలు పోతుంది.

డాక్టరు వేసిన కట్టుకూ కాపలా కావాలి. కింద కనిపించే నడిమి రెండు వేళ్ళను పొద్దున, రాత్రి చూడండి. గోళ్ళు ఎడంగా విచ్చుకున్నా, వేళ్ళు చల్లబడ్డా, కట్టు వాసన వేసినా అదే రోజు విప్పించాలి. బయటికి తీసుకుపోయేటప్పుడు ప్లాస్టిక్ కవరు తొడిగి, రాగానే తీసేయండి, లేకపోతే చెమటకు లోపల చర్మం నానిపోతుంది. పిల్ల వేగంగా పెరుగుతుంది కాబట్టి వారానికోసారి కట్టు మార్చాలి.

మూడు నెలల లోపు పిల్లకు ఎముక నెల లోపే అతుక్కోవచ్చు, ఏడాది దాటినదానికి 8 నుంచి 12 వారాలు. మూడో వారంలోనే కాలు ఆనించి పరిగెత్తబోతుంది, ప్లేటు వంగేదీ రాడ్డు జారేదీ అప్పుడే. ఎక్స్‌రేలో ఎముక అతికినట్టు కనిపించేదాకా మేడమెట్లు, దూకడం బంద్. మూత్రానికి మాత్రం గొలుసుతో ఐదు నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. ఎక్స్‌రే బాగుంటే ఆ ఐదు నిమిషాలకు వారానికి ఇంకో ఐదు కలుపుతూ పోండి, గొలుసు మాత్రం విప్పొద్దు.