'ఈ పుస్తకం కొనండి' అని రాసేముందు

"చాలా మంచి పుస్తకం. పిల్లలందరూ తప్పక చదవాలి." లైబ్రరీకి పిల్లల పుస్తకం సిఫార్సు చేసేవాళ్లు చాలాసార్లు ఇక్కడితో ఆగిపోతారు. రాసినవాళ్ల ఇష్టం అందులో తెలుస్తుంది గానీ లైబ్రేరియన్‌కు పనికొచ్చే సంగతి ఒక్కటీ ఉండదు. లైబ్రేరియన్ ముందున్న ప్రశ్నలు వేరు. దీన్ని ఏ వయసు పిల్లల చేతిలో పెట్టాలి? ఏ అరలో ఉంచాలి? అదే విషయం మీద ఇప్పటికే ఉన్న నాలుగు పుస్తకాల్లో లేనిది ఇందులో ఏముంది? వందమంది చేతులు మారాక పేజీలు నిలుస్తాయా? ఎవరైనా అభ్యంతరం చెబితే ఏమని జవాబివ్వాలి? వీటికి జవాబులు ముందే రాసిపెడితే అది సిఫార్సు. లేకపోతే మెచ్చుకోలు.

గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మూడోది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలంటుంది. సిఫార్సు రాసేవాళ్లు పట్టుకోవాల్సిన సూత్రం ఇదే. పుస్తకం ఎంత గొప్పదైనా సరే, దాన్ని చదివే పిల్లలు ఎవరో చెప్పలేనప్పుడు సిఫార్సు చేయకుండా ఆగడమే మేలు.

బొమ్మల పుస్తకమైతే మూడుసార్లు చదవాలి. మొదటిసారి మామూలుగా. రెండోసారి మాటల జోలికి పోకుండా బొమ్మలు మాత్రమే. చదువు రాని పిల్లలు దాన్ని అలాగే చదువుతారు కాబట్టి బొమ్మల వరసలోనే కథ సగమైనా అందాలి. మాటల్లో చెప్పినదాన్నే బొమ్మ మళ్లీ చెబితే అది అలంకారం. మాట చెప్పకుండా వదిలినదాన్ని బొమ్మ పట్టుకుంటే పిల్లలు ఆ పేజీ దగ్గర ఆగి వేలు పెట్టి చూపిస్తారు. మూడోసారి పైకి చదవాలి. ఏ వాక్యం నోరు తిరగదో, ఎక్కడ ఊపిరి చాలదో అప్పుడు గానీ తెలియదు. పేజీ తిప్పే చోటు కూడా చూడండి. "తలుపు వెనక ఎవరున్నారు?" అన్న మాట కుడి పేజీ చివర ఉండి, జవాబు తిప్పాక కనబడాలి. రెండూ ఎదురెదురు పేజీల్లో ఉంటే పిల్లల కళ్లు ముందే జవాబు మీద పడతాయి.

ఈ పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి. కారణం అచ్చుపనిలో ఉంది: 16 పేజీల ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచిన కట్టలు) రెండు కలిస్తే 32. అందుకే కథ చిన్నదైతే నడుమ సాగదీత కనబడుతుంది, పెద్దదైతే చివర్లో కుక్కినట్టు ఉంటుంది. ఆఖరి నాలుగు పేజీలను కాస్త అనుమానంగానే చదవాలి. అక్కడే నీతి వాక్యం వచ్చి కూర్చునే ప్రమాదం కూడా ఉంది. కథంతా చూపించినదాన్ని చివర ఒక పెద్దమనిషి వచ్చి మళ్లీ చెప్పే పుస్తకాన్ని పిల్లలు రెండోసారి అడగరు. రెండోసారి అడగని బొమ్మల పుస్తకానికి లైబ్రరీ డబ్బు పెట్టకూడదని నా గట్టి నమ్మకం.

గుంపుగా కూర్చోబెట్టి చదివి వినిపించడానికి కావాలంటే పుస్తకం తెరిచి నిలబెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి చూడండి. ప్రధాన పాత్ర గుర్తుపట్టేలా ఉందా? రెండు పేజీల మీదుగా పరుచుకున్న బొమ్మలో ముఖం సరిగ్గా మడతలోకి పోయిందా? బొమ్మ నిండా సన్నని వివరాలుంటే అది ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివే పుస్తకం, గుంపుకు పనికిరాదు. రెండు రకాలూ కావాలి. ఏది ఏ పనికో లైబ్రేరియన్‌కు ఇచ్చే సిఫార్సు నోట్‌లో రాయాలి, అంతే.

వయసు విషయంలో అట్ట మీది అంకెను నమ్మకండి. అక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి: చదవగల శక్తి, ఆసక్తి. పన్నెండేళ్లు వచ్చినా కూడబలుక్కుని చదివే పిల్లకు ఆరేళ్ల పిల్లల కుందేలు కథ ఇస్తే అవమానంగా తోస్తుంది. ఆమెకు పన్నెండేళ్ల వయసు గొడవలే కావాలి, వాక్యాలు మాత్రం ఎనిమిదేళ్ల స్థాయిలో ఉండాలి, పుస్తకం చూడటానికి పెద్దవాళ్లదిలా ఉండాలి. ఇందుకు భిన్నంగా, ఏడేళ్లకే గడగడా చదివే పిల్లాడు పదిహేనేళ్లవాళ్ల నవల చదవగలడు గానీ అందులోని బరువు మోయలేడు. నోట్‌లో ఈ రెండు వయసులూ విడివిడిగా ఉండాలి.

చదవగల శక్తిని కొలవడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. మొదటి పేజీ వదిలేసి (రచయితలు దాన్ని బాగా చెక్కుతారు) నడుమ ఎక్కడో తెరిచి వంద మాటలు లెక్కపెట్టండి. ఆ వయసు పిల్లలకు తెలియని మాటలు ఐదుకు మించితే ఒంటరిగా చదవడం కష్టం, పది దాటితే పక్కన ఎవరైనా ఉన్నా విసుగే. ఇలా మూడుచోట్ల చూడాలి. ఇంకా మంచిది, ఆ వయసు పిల్లల చేతే చదివించి వాళ్లు ఆగినచోట్ల చుక్క పెట్టుకోవడం.

తెలుగు పుస్తకాలకు మాత్రం మాటల లెక్క ఒక్కటే చాలదు. అప్పుడే చదవడం పట్టుబడుతున్న పిల్లలకు మాట పొడవు కంటే ఒత్తులు ఎక్కువ అడ్డం. 'పరుగెడతాడు' పొడవైనదే అయినా దాటేస్తారు, 'స్త్రీ' రెండక్షరాలు కూడా లేకపోయినా ఆగిపోతారు. మొదటి మెట్టు పుస్తకమని చెప్పుకునేదాంట్లో వాక్యానికి రెండు మూడు సంయుక్తాక్షరాలు వస్తుంటే అది ఆ మెట్టుది కాదు. ఇంకొకటి, వరసల మధ్య జాగా. తెలుగు ఒత్తులు కిందికి వేలాడతాయి, గుడులు పైకి లేస్తాయి. వరసలు ఇరుకైతే పై వరస ఒత్తు కింది వరస గుడికి తగిలి, చిన్న కళ్లకు ఏది దేనిదో తెలియదు. అనువాద బొమ్మల పుస్తకాల్లో ఇది తరచుగా జరుగుతుంది. మూలభాషలో నాలుగు వరసలకు వదిలిన జాగాలో తెలుగు ఆరు వరసలు పట్టాల్సి వచ్చి, అక్షరం కుదించేస్తారు. కథ ఎంత బాగున్నా ఆ పుస్తకం పక్కన కూర్చుని చదివిపెట్టడానికే పనికొస్తుంది. అనువాదమైతే సంభాషణలు పైకి చదివి చూడండి. పిల్లలు ఒకరితో ఒకరు అలా మాట్లాడుకుంటారా?

విజ్ఞాన పుస్తకాల దగ్గర ముద్రణ సంవత్సరం చూసి మోసపోవద్దు. పునర్ముద్రణ అంటే మళ్లీ అచ్చు వేశారని మాత్రమే, సవరించారని కాదు. కొన్ని పరీక్ష ప్రశ్నలు దగ్గర పెట్టుకుంటే ఐదు నిమిషాల్లో తేలుతుంది. గ్రహాలు తొమ్మిది అని ఉంటే అది 2006కు ముందు రాసినది, ఎందుకంటే ప్లూటోను మరుగుజ్జు గ్రహాల జాబితాలోకి మార్చింది ఆ ఏడాదే. అట్లాసులో దక్షిణ సూడాన్ లేకపోతే 2011కు ముందుది. ఆవర్తన పట్టికలో 113, 115, 117, 118 గళ్లలో అసలు పేర్లు లేకపోతే 2016కు ముందుది. కిలోగ్రాముకు నమూనా ఒక లోహపు దిమ్మె అని ఉంటే 2019లో మారిన నిర్వచనం అందులోకి రాలేదు. డైనోసార్ల పుస్తకంలో ఈకల ఊసే లేకపోతే, 1996లో చైనాలో ఈకల జాడలున్న శిలాజం దొరికినప్పటి నుంచీ జరిగినదంతా దానికి తెలియదు. నాలుక మీద తీపి ఇక్కడ, చేదు అక్కడ అని పటం గీసిన పుస్తకమైతే ఏ ఏడాది అచ్చయినా పక్కన పెట్టేయండి. ఆ పటం మొదటి నుంచీ తప్పే.

తర్వాత విషయసూచిక, వెనక పదసూచి, బొమ్మల కింద వివరాలు, కొలతలు. పదసూచి లేని విజ్ఞాన పుస్తకంలో పిల్లలకు కావలసింది దొరకదు, దొరకని పుస్తకం మళ్లీ తీసుకోరు. ప్రయోగాల పుస్తకమైతే కనీసం రెండు ప్రయోగాలు చేసి చూడాలి. నిప్పు, ఆమ్లం, బ్లేడు వాడేచోట పెద్దల తోడు ఉండాలని ఆ పేజీలోనే ఉందా, లేక ముందుమాటలో ఒక్కసారి చెప్పి వదిలేశారా? పిల్లలు ముందుమాట చదవరు.

కథల్లో ఎవరు ఏం చేస్తున్నారో లెక్క పెట్టడం ఉపయోగకరమైన అలవాటు. 1990లో రూడీన్ సిమ్స్ బిషప్ అనే విద్యావేత్త పిల్లల పుస్తకాలను అద్దాలతో, కిటికీలతో, పక్కకు జరిగే గాజు తలుపులతో పోల్చారు. పిల్లలు తమను తాము చూసుకోవాలి, ఇతరులను చూడాలి, ఆ లోకంలోకి నడిచివెళ్లాలి. దీన్ని అర ముందు నిలబడి ఆచరణలో పెట్టొచ్చు. అమ్మాయిలు చెట్టెక్కుతున్నారా, ఎక్కినవాళ్లను చూసి చప్పట్లు కొడుతున్నారా? చక్రాల కుర్చీలో ఉన్న పిల్లాడికి తనదంటూ కోరిక, కోపం, అల్లరి ఉన్నాయా, లేక మిగతా పిల్లలకు జాలి నేర్పడానికే వచ్చాడా? ఒక్క పుస్తకం అన్ని లెక్కలూ తీర్చలేదు. అర మొత్తంలో లోటు ఎక్కడుందో చూసి, ఆ లోటు తీర్చే పుస్తకాన్ని సిఫార్సు చేయాలి.

కౌమారపు పుస్తకాల దగ్గరే సిఫార్సులు ఎక్కువగా దెబ్బతింటాయి. కారణం, బరువైన సన్నివేశాలను దాచడం. మరణం, హింస, మత్తు, లైంగిక వేధింపు, తనను తాను గాయపరచుకోవడం ఇవన్నీ ఆ వయసు పుస్తకాల్లో ఉంటాయి, ఉండాలి కూడా. అవి వాళ్ల జీవితాల్లో ఉన్నాయి. మనం చేయాల్సింది తీర్పు చెప్పడం కాదు, వివరం ఇవ్వడం. 'కొంత అభ్యంతరకరం' అని రాస్తే లైబ్రేరియన్‌కు భయమే మిగులుతుంది. '84, 85 పేజీల్లో తాగివచ్చిన తండ్రి కొట్టే సన్నివేశం. దెబ్బల వర్ణన క్లుప్తం. 130వ పేజీలో అమ్మాయి టీచర్‌కు చెబుతుంది, సాయం అందుతుంది' అని రాస్తే నిర్ణయం తీసుకోగలుగుతారు. రేపు ఎవరైనా ఒక్క పేజీ ఫోటో తీసుకుని వచ్చి అడిగితే, మొత్తం పుస్తకంలో దాని చోటేమిటో చెప్పగలుగుతారు. ఆత్మహత్య ప్రస్తావన ఉన్నచోట ప్రత్యేకంగా చూడాల్సినవి మూడు: పద్ధతిని వివరించారా, సమస్యకు అదే దారి అన్నట్టు చూపారా, సాయం దొరికే దారి కనబడుతుందా. మొదటి రెంటికీ జవాబు అవును అయితే నేను ఆ పుస్తకాన్ని సిఫార్సు చేయను, రచన ఎంత బలంగా ఉన్నా సరే.

ఈ పుస్తకాలను చిన్నపిల్లల అరల పక్కన పెట్టకూడదని నోట్‌లోనే రాయండి. 'పిల్లల విభాగం' అన్న బోర్డు కింద పదిహేనేళ్లవాళ్లు నిలబడరు.

వరస పుస్తకాలది వేరే తంటా. పది భాగాల్లో మొదటిది పోతే మిగతా తొమ్మిదీ అరలో పడి ఉంటాయి. అందుకని మొదటి భాగం రెండు ప్రతులు అడగండి, అన్ని భాగాలూ ఇప్పుడు దొరుకుతున్నాయో లేదో ముందే కనుక్కోండి, వెన్ను మీద భాగం సంఖ్య లేకపోతే అంటించాలని రాయండి. పాత్రలతో పాటు కథ కూడా పెరిగే వరసలుంటాయి. మొదటి భాగం పదేళ్లవాళ్లకు సరిపోయినా ఏడో భాగం సరిపోకపోవచ్చు. ఒకటి చదివి పదింటికి వయసు రాయడం తప్పు. జపాన్ బొమ్మల కథల పుస్తకాలను (మాంగా) మూలంలోలాగా కుడి నుంచి ఎడమకు చదివేలా వేస్తే ఆ సంగతి తప్పక రాయాలి, లేకపోతే అచ్చు తప్పని తిరిగి పంపేసే ప్రమాదం ఉంది.

ఇక పుస్తకం ఒళ్లు. పైనుంచి వెన్ను వైపు చూడండి. మడిచిన ఫారాలు కట్టలు కట్టలుగా కనబడితే కుట్టు బైండింగ్ కావచ్చు. ఫారం నడుమ దారం కనబడితే ఖాయం. విడి కాగితాల అంచులు జిగురులో అతుక్కుని ఉంటే గమ్ బైండింగ్. నడిమికి తెరిచి నెమ్మదిగా నొక్కినప్పుడు పటపటమంటే కొన్నాళ్లకే పేజీలు చేతికొస్తాయి. పిన్నులు కొట్టినవి తేమకు తుప్పు పడతాయి. స్పైరల్ పుస్తకాలకు వెన్ను ఉండదు కాబట్టి అరలో పేరు కనబడదు. మూడేళ్లలోపు పిల్లలు పుస్తకాన్ని నోట్లో పెట్టుకుంటారు, వాళ్లకు గుండ్రని మూలలున్న దళసరి అట్ట పుస్తకాలే. చిన్న గుండీలు, ఊడే ముక్కలు ఉంటే వద్దు. రంగులు వేసేవి, జవాబులు రాసేవి, స్టిక్కర్లున్నవి బయటికిచ్చే లైబ్రరీకి పనికిరావు. మొదటి పిల్లాడి దగ్గరే అయిపోతాయి.

అవార్డు ఉందని రాసేటప్పుడు అది దేనికిచ్చారో చూడాలి. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డును 1956 నుంచి రచయితలకు, 1966 నుంచి చిత్రకారులకు మొత్తం కృషికి ఇస్తున్నారు. ఆ రచయిత రాసిన ప్రతి పుస్తకమూ 'అవార్డు పుస్తకం' అయిపోదు.

చివరికి నోట్ ఎంత ఉండాలి? ఏడెనిమిది వాక్యాలు చాలు. నమూనాకు ఒకటి: "చదివే స్థాయి 8 ఏళ్లు, ఆసక్తి 11 నుంచి 14. నవల, 96 పేజీలు, పెద్ద అక్షరం, చిన్న అధ్యాయాలు. ఈతపోటీకి తయారయ్యే అమ్మాయి కథ. 41వ పేజీలో తాత మరణం ఉంది, నెమ్మదిగా రాశారు. మన దగ్గర క్రీడల నవలలు రెండే ఉన్నాయి, రెండూ అబ్బాయిలవి, ఎప్పుడూ బయటే ఉంటాయి. కుట్టు బైండింగ్. లోపం: చివరి రెండు అధ్యాయాలు హడావిడిగా ముగుస్తాయి. ఒక ప్రతి చాలు, కౌమారపు అరలో ముఖచిత్రం కనబడేలా పెట్టాలి." లోపం చెప్పిన సిఫార్సును లైబ్రేరియన్లు నమ్ముతారు. పక్కన ఐఎస్‌బిఎన్ (పుస్తకాన్ని గుర్తించే సంఖ్య) 13 అంకెలూ చూసి రాయండి. గట్టి అట్ట ప్రతికీ మెత్తటి అట్ట ప్రతికీ ఆ సంఖ్య వేరు, తప్పు రాస్తే వేరే ప్రతి వస్తుంది.

పుస్తకం వచ్చాక ఆరు నెలలకు ఎన్నిసార్లు ఇష్యూ అయిందో కనుక్కోండి. ఒక్కసారీ కదలకపోతే ముందు అది ఎక్కడుందో చూడండి. పై అరలో వెన్ను మాత్రమే కనబడేలా ఇరుక్కుని ఉంటే, పిల్లల కళ్ల ఎత్తుకు దించి ముఖచిత్రం బయటికి పెట్టి ఇంకో ఆరు నెలలు ఆగండి. అప్పటికీ కదలకపోతే ఆ నోట్ బయటికి తీసి, వయసు రాసిన వాక్యం దగ్గర నుంచి మళ్లీ చదవండి.