తాతయ్య లెక్కకు మార్కులు వేస్తారా?

పదహారో ఎక్కం అప్పజెప్పమంటే మా ఏడో తరగతి వాడు చెప్పనన్నాడు. "పదేడులు డెబ్భై, ఆరేడులు నలభైరెండు, కలిపితే నూటపన్నెండు. కూడితే వచ్చేదాన్ని బట్టీ పట్టడం ఎందుకమ్మా?" అమెరికా నుంచి సెలవులకు నెల్లూరు దగ్గర బుచ్చిరెడ్డిపాళెం వెళ్లి, మా నాన్న ఎదుట అన్నాడు ఆ మాట. నాకు తల కొట్టేసినట్టయింది.

నాన్న మాత్రం సరదా పడ్డారు. "సరే నాయనా, పుట్టి ధాన్యం పదిహేడు వేలనుకో. క్వింటా ఎంత పడుతుంది?" నెల్లూరు వైపు పుట్టి అంటే 850 కిలోలు. నేను త్రైరాశికానికి దిగాను: 17,000ను 100తో గుణించి 850తో భాగించాలి. వాడు రెండు నిలువు వరుసలు గీసుకున్నాడు: 850 కిలోలకు 17,000, 85కు 1,700, 5కు 100, కాబట్టి 100కు 2,000. ఈలోగా నాన్న కాగితం ముట్టకుండానే తేల్చేశారు. "రెండు వేలు వేసి చూడు. ఎనిమిది క్వింటాళ్లకు పదహారు వేలు, అర క్వింటాకు వెయ్యి. సరిపోయింది."

"ఊహించి చెబితే మార్కులు వేస్తారా తాతయ్యా?" అని ఆయన్ను అడిగి, నా వైపు తిరిగాడు. "ముందు వందతో ఎందుకు గుణించావమ్మా?"

"అలాగే చేయాలి" అన్నాను. నాకు మా మాస్టారు చెప్పిందీ అంతే మరి.

ఏ తరగతికి ఏం రావాలో చెబుతూ అమెరికాలో 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాల్లో ఆరో తరగతికి నిష్పత్తులు, ఏడుకు అనుపాతం, ఎనిమిదికి రేఖీయ సమీకరణాలు. భిన్నాల దగ్గర తడబడిన పిల్లలకు ఈ మూడేళ్లూ తడబాటే. అందుకే తోటి తల్లులు అడిగితే, పిల్లలు తప్పు చేస్తున్నా ఎలా చేశారో చివరిదాకా చెప్పనివ్వండి, మధ్యలో పెన్సిల్ లాక్కోకండి అంటాను. మా ఇంట్లో ఆ పెన్సిల్ నా చేతికి రావడానికి ఎంతోసేపు పట్టదు. "నాకూ లెక్కలు రావు" అని పిల్లల ముందు అనొద్దనీ చెబుతాను. మా ఆయన రోజూ అనేది అదే.

ఎక్కాల దగ్గర మాత్రం నేను తగ్గలేదు. 48/64ను కుదించాలంటే రెండూ పదహారో ఎక్కంలోవని చూడగానే తట్టాలి కదా! ఆ మాటే అంటే వాడు పైదాన్నీ కిందిదాన్నీ నాలుగు సార్లు సగం చేసి 3/4 దగ్గర ఆగాడు. నాకన్నా కాస్త ఆలస్యమైంది, అంతే. ఆ కాస్త కోసమేనా నా పంతం? లేక నేను పడ్డ పాట్లు వాడూ పడాలనా?

మామూలుగా తొమ్మిదో తరగతిలో చదివే ఆల్జీబ్రా వన్‌ను ఎనిమిదిలోనే తీసుకునే వీలుంది మా వాడి స్కూల్లో. తొందరేముంది, పిల్లల్ని నలపకండి అని స్నేహితురాలికి హితబోధ చేశాను. వాళ్ల అబ్బాయి చేరుతున్నాడని తెలియగానే మా ఫారం మీద సంతకం పెట్టేశాను. వాణ్ని అడిగింది ఆ తర్వాతే. సరేనన్నాడు. ఇష్టపడి అన్నాడో, నాతో వాదించే ఓపిక లేక అన్నాడో తెలియదు.