బీరకూ నేతిబీరకూ పెళ్లి: మిద్దె తోట లెక్క

జూన్ 12: ఈ రెండు జాతుల్నీ చేత్తో కలిపి చూద్దామని రెండు గ్రో బ్యాగుల్లో బీర, రెండింట్లో నేతిబీర. పందిరి ఒక్కటే. బీర గింజ గరుకుగా, గుంటలు పడి ఉంటుంది. నేతిబీర గింజ నునుపు, అంచున సన్నటి రెక్క. రెండింటికీ క్రోమోజోములు (కణంలో వారసత్వ లక్షణాలు మోసే పోగులు) 26.

జులై 28: పూశాయి. బీర లేత పసుపు, సాయంత్రం ఐదున్నర దాటాక విచ్చుకుంటోంది. నేతిబీర ముదురు పసుపు, తెల్లవారుజామున. నేతిబీర మగపువ్వు వాడిపోయే వేళకి బీర ఆడపువ్వు నిద్ర లేస్తుంది. ఒకరిది నైట్ షిఫ్టు, ఇంకొకరిది మార్నింగ్ షిఫ్టు. పక్కపక్కనే ఉన్నా కలవకపోవడానికి ముందు కారణం ఇదే.

ఆగస్టు 5-14: పొద్దున కోసిన నేతిబీర మగపూలు తడిగుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. బీర ఆడమొగ్గకి (కింద బుల్లి కాయ ఉంటే ఆడది) మధ్యాహ్నమే దారం కట్టాను. ఆరింటికి విప్పి, మగపువ్వు రెక్కలు చించేసి, పుప్పొడి రుద్ది మళ్లీ కట్టాను. తొమ్మిది చేస్తే తొమ్మిదీ పసుపెక్కి రాలిపోయాయి. అదే పుప్పొడి మర్నాడు నేతిబీర ఆడపువ్వుకి పూసి ఉంటే, అది ఫ్రిజ్‌లో చచ్చిందో బీరకి పడలేదో తేలేది. బుద్ధి ఆలస్యంగా వచ్చింది.

ఆగస్టు 17: తిప్పి చేశాను. సాయంత్రం విచ్చిన బీర మగపువ్వు ఫ్రిజ్‌లో, మర్నాడు తెల్లవారి ఐదు గంటలకి నేతిబీర ఆడపువ్వుకి. ఆరు పూలు చేస్తే రెండు నిలిచాయి. ఒకటి కోతి పాలు. మిగిలినదాన్ని పక్కింటి అత్తయ్యగారు తడిమి చూసి, "దీనికి బీరకాయ అంచులేవమ్మా?" అన్నారు. కాయ తల్లిదే కదా, తండ్రి వాటా గింజలోనే. నేతిబీరలో నెయ్యి ఎంతో, ఈ కాయలో బీర అంతే!

జనవరి 8: తీగ మీదే ఎండి గలగలమన్న కాయలోంచి 12 గింజలు పెడితే 7 మొలిచాయి.

మార్చి 20: తీగ బలంగా పాకింది. కాయల మీద అంచులు లేచీ లేవనట్టు ఉన్నాయి. కాలేజీలో బాటనీ చెప్పే మా మరిది బుల్లి సీసాలో అసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు తెచ్చిచ్చాడు. ఒక చుక్కలో పుప్పొడి దులిపి మైక్రోస్కోపులో చూస్తే మంచి రేణువులు గుండ్రంగా, ఎర్రగా నిండి ఉంటాయి, తాలువి పాలిపోయి ముడుచుకుంటాయి. నేతిబీరలో 200కి 188 మంచివి. సంకరంలో (రెండూ కలిసి పుట్టిన ఈ తీగలో) 74. క్రోమోజోముల లెక్క 26 సరిపోయినా పుప్పొడి తయారయ్యేటప్పుడు జతలు సరిగ్గా కుదరవు. మొదటి గడప వేళ అయితే రెండోది ఇది.

తమలో తాము సంతానం కంటూ ఇతర గుంపులతో కలవనిదే జాతి అని 1942లో జీవశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మేయర్ ఇచ్చిన నిర్వచనం నా పందిరి కింద కాస్త నీళ్లు నములుతోంది. పూసే వేళ మారితే పుప్పొడి రాకపోకలు తగ్గుతాయి, ఆపైన లోపలి తేడాలు పేరుకుంటాయి. వీటిలో మాత్రం ఏది ముందు మొదలైందో తీగని చూసి చెప్పలేం.

విత్తనం దాచుకునేవాళ్లకి ఒక మాట. బీర మొగ్గకి దారం కట్టాల్సింది నేతిబీర భయంతో కాదు, కంచె మీది చేదుబీర భయంతో. అది బీరలోని అడవి రకమే, సులువుగా కలిసిపోతుంది. అనుమానం ఉన్న కాయ చివర ముక్క నాలికకి తాకించి, చేదైతే పారేయండి, వండొద్దు.

ఏప్రిల్ 6: సంకరం పుప్పొడి మళ్లీ నేతిబీరకి పూశాను. మూడు నిలిచాయి. ఈసారి కోతికి అందకుండా వల కట్టాను.