‘ఓఆర్’ దగ్గర ఆగిపోయిన బస్సు పట్టిక: నా అనుభవం

ఒడిశాలోని రాయగడ నుంచి గుణుపురం, పార్వతీపురం వైపు తిరిగే చాలా బస్సుల మీద ఊరి పేరు ఒడియాలోనే కనిపిస్తుంది. ఆ లిపి రాని తెలుగువాడికి కండక్టర్ కేకే దిక్కు. నేను చూసుకుంటున్న ఓపెన్‌సోర్స్ పైథాన్ లైబ్రరీ పని జీటీఎఫ్‌ఎస్ పట్టికలు చదివిపెట్టడం కనుక, స్టాపుల పేర్లు మూడు భాషల్లోనూ ఇద్దామని కూర్చున్నాను. జీటీఎఫ్‌ఎస్ అంటే బస్సుల వేళలు, స్టాపుల వివరాలు ఉండే, జిప్‌లో కట్టిన సీఎస్‌వీ ఫైళ్లే. వేరే భాష పేర్లన్నీ ‘ట్రాన్స్‌లేషన్స్’ ఫైల్లో ఉంటాయి. ఏ పట్టిక, ఏ కాలమ్, ఏ భాష, ఆ భాషలో పేరు, ఏ స్టాపు ఐడీ అన్నవి ఒక్కో అనువాదానికి ఒక్కో వరుసలో రాయాలి.

ఇంగ్లిషు ‘ఈఎన్’, తెలుగు ‘టీఈ’ ఉన్నంతసేపూ బాగానే నడిచింది. ఒడియా వరుస తగలగానే వాల్యూఎర్రర్. ఒడియా కోడ్ ‘ఓఆర్’. లైబ్రరీలోని పాత ప్రోగ్రాము భాషల కోడ్‌లనే ఫీల్డు పేర్లుగా చేసుకుని నేమ్‌డ్‌టపుల్ (ప్రతి గడికీ పేరున్న వరుస) కడుతోంది. ‘ఓఆర్’ పైథాన్‌లో కీవర్డు, అంటే భాష తన కోసం ఉంచుకున్న మాట, ఫీల్డు పేరుగా ఒప్పుకోదు. అస్సామీ ‘ఏఎస్’కీ, ఐస్‌లాండిక్ ‘ఐఎస్’కీ ఇదే గతి. ‘రీనేమ్’ ఆప్షన్ పెడితే ఎర్రర్ పోతుంది కానీ ఆ ఫీల్డు పేరు అండర్‌స్కోరు, దాని పక్కన స్థానం నంబరు అయి కూర్చుంటుంది. భాషల క్రమం మారితే నంబరూ మారుతుంది. ఎవరైనా ఆ సవరణ పంపినా నేను తీసుకోను. డిక్షనరీకి మార్చడమే సరైన దారి.

అలా మారిస్తే చుక్క పెట్టి పేరు పిలిచే పాత ప్రోగ్రాములు విరుగుతాయి. అందుకే డిక్షనరీ నుంచి ఒక సబ్‌క్లాస్ తీసి, గెట్‌ఆటర్ (__getattr__) మెథడ్‌లో పాత పద్ధతినీ పనిచేయనిచ్చి, డెప్రికేషన్‌వార్నింగ్ (ఈ పద్ధతి ముందుముందు పోతుందనే హెచ్చరిక) జోడించాను. స్టాక్‌లెవెల్ 2 ఇవ్వాలి, లేకపోతే హెచ్చరిక వాడేవాళ్ల లైను బదులు లైబ్రరీ లోపలి లైను చూపిస్తుంది. ఈ రకం హెచ్చరిక మామూలుగా మెయిన్ స్క్రిప్టులో తప్ప ఎక్కడా కనబడదు, పైటెస్ట్‌తో టెస్టులు నడిపేవాళ్లకే తెలుస్తుంది. కాబట్టి చేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా) మొదటి లైన్లోనే రాశాను. పాత దారిని తీసేయడం మేజర్ వెర్షన్‌లోనే.

ఆ తర్వాత రాయగడ రెండు రాయగడలైంది. ఆ పేరులోని ఒడియా డ కింద చుక్క ఉంటుంది. దాన్ని ఒకే కోడ్‌పాయింటు (యూనికోడ్‌లో అక్షరానికిచ్చే సంఖ్య)గానూ రాయొచ్చు, డ తర్వాత నుక్తా (ఆ చుక్క) చేర్చి రెండుగానూ రాయొచ్చు. కంటికి తేడా లేదు, పోలికలో రెండూ వేరు. ఎన్‌ఎఫ్‌సీ (యూనికోడ్ రాతను ఒకే రూపానికి తెచ్చే పద్ధతి) చేస్తే ఒకటవుతాయి. అయితే ఎన్‌ఎఫ్‌సీ అంటే కలిపేది అనుకుంటాం గానీ, ఈ అక్షరం యూనికోడ్ మినహాయింపుల జాబితాలో ఉంది కనుక విడదీసే ఉంచుతుంది. పొడవు లెక్కపెట్టే టెస్టు రాస్తే ఇక్కడే బోల్తా. నార్మలైజ్ చేసినది వెతకడానికి మాత్రమే, చూపించేది ఫైల్లో ఉన్నట్టే. స్టాపు ఐడీలను మాత్రం ముట్టుకోకూడదు, మిగతా ఫైళ్లు వాటినే పట్టుకుని ఉంటాయి. ఎక్సెల్‌లో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’గా దాచిన ఫైళ్లకు ముందు కనిపించని బీఓఎం గుర్తు ఉండి మొదటి కాలమ్ పేరు దొరకదు. యూటీఎఫ్-8-సిగ్‌తో తెరిస్తే సరి.

సమయాల సంగతి ఇంకో తలనొప్పి. రాత్రి బయల్దేరి అర్ధరాత్రి దాటాక 1:10కి చేరే బస్సుకు పట్టికలో 25:10:00 అని ఉంటుంది, బయల్దేరిన రోజు లెక్కలోనే. పైథాన్ టైమ్ రకం 23 దాటిన గంటను తీసుకోదు, టైమ్‌డెల్టాలో పెట్టుకోవాలి. మధ్య ఊళ్ల సమయం ఎవరికీ తెలియకపోతే ఖాళీగా వదలొచ్చు, మొదటి, చివరి స్టాపులకు తప్పనిసరి. దూరాన్ని బట్టి అంచనా కట్టి నింపితే టైమ్‌పాయింట్ 0 (సమయం సుమారే అన్న గుర్తు) పెట్టాలి. ఆ గుర్తు పారేసి యాప్‌లో 5:17 అని చూపిస్తే రోడ్డు మీద నిలబడేది ప్రయాణికుడు. నిండితేనే కదిలే బండికి ప్రతి ట్రిప్పు బయల్దేరే వేళా రాయక్కర్లేదు: ‘ఫ్రీక్వెన్సీస్’ ఫైల్లో ఎగ్జాక్ట్‌టైమ్స్ 0 (వేళలు కచ్చితం కావు), సుమారు అరగంటకొకటైతే హెడ్‌వే (బండికీ బండికీ మధ్య వ్యవధి) 1800 సెకన్లు. సంత రోజు బళ్లకు ‘క్యాలెండర్’లో వారంలో ఆ రోజుకు మాత్రమే 1 వేసిన వేరే సర్వీస్ ఐడీ.

రిలీజ్ ముందు, పైథాన్ ప్యాకేజీలు ఉంచే పైపీఐకి పరీక్షా రూపమైన టెస్ట్‌పైపీఐలో పెట్టి చూశాను. పైపీఐలో ఒకసారి ఎక్కించిన ఫైలు పేరు, చెరిపేసినా మళ్లీ వాడనివ్వదు. ట్రస్టెడ్ పబ్లిషింగ్ (గిట్‌హబ్ లాంటి నమ్మిన సేవ నుంచి నేరుగా ఎక్కించే ఏర్పాటు) పెట్టుకుంటే టోకెన్ దాచుకునే పని ఉండదు. వీల్‌ను (ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధం చేసిన ప్యాకేజీ ఫైలు) కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో వేసి, రిపాజిటరీ ఫోల్డరు బయట నుంచి టెస్టులు నడపాలి. లోపల నడిపితే పైథాన్ పక్కనున్న సోర్సునే అందుకోవచ్చు, వీల్‌లో ఫైలు తప్పిపోయినా తెలియదు. తీరా లోపం బయటపడితే చెరపడం కన్నా యాంక్ చేయడం మేలు: కొత్తగా వేసుకునేవాళ్లకు ఆ వెర్షన్ రాదు, దాన్నే కచ్చితంగా రాసుకున్నవాళ్ల బిల్డు ఆగదు.