వేటలేని 61 రోజులు

ఏప్రిల్ 15 వచ్చిందంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఇంజిన్ల మోత ఆగిపోతుంది. బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని, తాళ్లతో కట్టేసి ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం. జూన్ 14 దాకా ఇంతే. ఇదివరకు 47 రోజులే. 2015లో 61కి పెంచారు. అప్పుడు మా నాన్న గొణుక్కున్నాడు, నేనూ వంత పాడాను.

ఈ ఏడాది వేట ఆగడానికి వారం ముందు పిన్ని దగ్గర కానాగంతలు కొన్నాను. ఒకటి కోసి చూపించింది: పొట్ట నిండా పసుపుపచ్చ జన, అంటే గుడ్లు. "ఇదొక్కటి బతికుంటే ఎన్ని పిల్లలయ్యేవిరా!" అంది. అంటూనే మిగతావి తూకం వేసింది. బేరం బేరమే కదా.

నాకు ఒళ్లు మండేది ట్రాల్ వల (బోటు వెనక ఈడ్చుకెళ్లే వల) చివరి సంచి చూస్తేనే. వల కన్ను, అంటే అల్లికలోని రంధ్రం, మరీ చిన్నదైతే వేలెడు పిల్లచేపలూ అందులోనే. కూరకు పనికిరావు, దాణాకు పోతాయి. మామూలు కన్ను లాగేటప్పుడు బిగుసుకుపోతుంది. 40 మిల్లీమీటర్ల చదరపు కన్నయితే తెరుచుకునే ఉంటుంది, పిల్లలు చాలావరకు జారిపోతాయి.

నాన్న ఈసారి అదే కుట్టిస్తున్నాడు. అరుగు మీద వల పరిచి, ఒక్కో కంట్లో బొటనవేలు దూర్చి చూసుకుంటున్నాడు.