గండికోట బీడులో నాలుగు చక్రాల బండి

జమ్మలమడుగు చుట్టూ నల్లరేగడి చేలు. అక్కడి నుంచి గండికోట దాదాపు 15 కిలోమీటర్లు. దారి ఎర్రమల కొండల మీదికి ఎక్కేసరికి నేల ఎర్రబడుతుంది, రాయి పైకి తేలుతుంది. పొద్దున్నే పెన్నా లోయ చూసి, మాధవరాయస్వామి గుడి గోపురం నీడలో కాసేపు కూర్చున్నాం. నేనూ మా చెల్లెలూ వచ్చింది మాత్రం ముఖ్యంగా స్పోర్ట్ ఏటీవీలు నడపడానికి. అంటే మోటారుసైకిల్లా హ్యాండిల్ పట్టుకుని, కాళ్లు చెరోవైపు వేసి కూర్చుని, రోడ్డు లేని నేల మీద నడిపే నాలుగు చక్రాల బండ్లు. ఊరికి దూరంగా, లోయ అంచుకు చాలా ఇవతల ఉన్న ఒక బీడులో వాటిని నేర్పుతున్నారు. కోట గోడల మధ్యకు ఇలాంటి బండ్లు రాకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఆ చోటు అలా విడిగా ఉండటం నాకు నచ్చింది.

నేను ఆరడుగుల మనిషిని. చెల్లెలు అయిదడుగుల పైన ఒక్క అంగుళం. తన చూపు నేరుగా 450 సీసీ బండి మీద పడింది.

"ముందు కూర్చోండమ్మా, ఇంజన్ సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు శిక్షకుడు.

బండి ఆపి ఉండగానే హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా తిప్పమన్నాడు. చెల్లెలి కుడి చెయ్యి కర్రలా బిగిసి, భుజం ముందుకు లాగినట్టయింది. బొటనవేలు వేగం పెంచే థ్రాటిల్ మీట మీద నుంచి జారిపోయింది. ఈ బండ్లలో థ్రాటిల్‌ను బొటనవేలితోనే నొక్కాలి. మలుపు మధ్యలో ఆ వేలు అందకపోతే బండి మన చేతిలో లేనట్టే. హ్యాండిల్ ఎటు తిప్పినా మోచేతులు కొద్దిగా వంగే ఉండాలి. ఫుట్‌రెస్టుల మీద నిలబడితే సీటుకూ మనకూ మధ్య 3 నుంచి 6 అంగుళాల ఖాళీ ఉండాలి. వేళ్లు చాపినప్పుడు కొన నుంచి మొదటి కణుపు బ్రేకు లీవరును దాటాలి. 250 సీసీ బండి మీద ఇవన్నీ తనకు అమర్చినట్టు కుదిరాయి. అదే బండి నేనెక్కితే, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా మోకాలికి తగిలింది.

తర్వాత ఆయన వెనక ఇరుసు చూపించాడు. రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కారుకు ఉన్నట్టు ఇక్కడ లేదు, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. అది కుదరక బండి తిన్నగానే పోవాలని చూస్తుంది. ఒంటిని ముందుకు, మలుపు లోపలికి వంచి, బయటి ఫుట్‌రెస్టు మీద బరువు మోపాలి. అప్పుడు లోపలి చక్రం తేలికపడి కొద్దిగా జారుతుంది, బండి చక్కగా తిరుగుతుంది. అంటే తిప్పేది సగం చేతులు, సగం ఒళ్లు. యమహా వైఎఫ్‌జడ్ 450ఆర్ బరువు దాదాపు 184 కిలోలు. సన్నటి మనిషి తన ఒంటి బరువుతో దాన్ని ఒప్పించాలంటే చాలా సాధన కావాలి. చెల్లెలు 250 మీద గులకరాళ్ల మలుపులు తిరుగుతుంటే, చక్రం జారడం, తను వంగడం ఒక్కసారే జరగడం స్పష్టంగా కనిపించింది.

ఎక్కడ, ఎలా నడుపుతామన్నది కూడా చూసుకోవాలి. దూకుళ్లున్న మోటోక్రాస్ ట్రాకుకు 50 అంగుళాల దాకా వెడల్పున్న బండి నిలకడనిస్తుంది. ఇక్కడిలా బండల సందుల్లో దూరాలంటే 46 అంగుళాల దగ్గరున్నదే మేలు. యమహాదే 686 సీసీ రాప్టర్ 700 లాంటిది ఇసుక తిన్నెలకు, విశాలమైన మైదానాలకు బాగుంటుంది. ఈ గుట్టల మధ్య దాని బలమంతా వృథా. టైర్ల గాలి కూడా 4, 5 పీఎస్ఐ మించకుండా, చిన్న కొలతల గేజీతో చూసి మరీ పెట్టారు. అంత మెత్తగా ఉంటేనే టైరు రాయిని పట్టుకుంటుంది.

ఇంతలో ఒకాయన తన చిన్న కొడుకును ముందు కూర్చోబెట్టుకుని నడుపుతానన్నాడు. శిక్షకుడు ఒప్పుకోలేదు. స్పోర్ట్ ఏటీవీ ఒక్కరి బండి. నడిపేవాడు అటూ ఇటూ కదలడానికే సీటు అంత పొడుగ్గా ఉంటుంది. ఇలాంటి పెద్ద బండ్లు 16 ఏళ్లు నిండినవాళ్లకేనని తయారీదారులే చెబుతారు. ఆ తండ్రి ఎంత బతిమాలినా శిక్షకుడు మెత్తబడనందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

మధ్యాహ్నానికి నేను 450 మీద కుదురుకున్నాను. దాని ఇంజన్ ఎక్కువ వేగంతో తిరిగినప్పుడే ఊపందుకుంటుంది, క్లచ్ పని ఎక్కువ. సాయంత్రానికి బొటనవేలు నొప్పెట్టింది. తిరుగు దారిలో మైలవరం జలాశయం దగ్గర టీ తాగుతూ, "అన్నయ్యా, నేను కొంటే 250నే కొంటాను. నువ్వేమంటావు?" అంది చెల్లెలు. కొనమన్నాను. రోడ్డు మీద తిప్పే బండి కాదు కాబట్టి, నడుపుకోవడానికి ముందు మన చేను పక్కనున్న బీడు చదును చేయిద్దామన్నాను.